ఈరన్న చెప్పిన మాట

"పార్టీనా? ఏ పార్టీ? కాంగ్రెస్సా, కమ్యూనిస్టా?"

అడిగిన మనిషి తల కూడా ఎత్తలేదు. కుట్టుమిషను పక్కన బల్ల మీద కూచుని, చొక్కాకు అంటుకున్న దూది పీచును ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నాడు. బయట వాన దంచి కొడుతోంది. గొడుగు మూయాలో వద్దో తెలియక తుంగమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ పార్టీ కాదు సార్. పిల్లల పార్టీ. దసరా పండక్కి."

"ఓహో! ఎలక్షన్లు అయిపాయ గదా, మళ్ళ యాడ పార్టీ వచ్చెరా సామీ అనుకున్యా."

మిషను తొక్కుతున్న ముసలాయన ఫక్కున నవ్వాడు. ఆయన యూసుఫ్ సాబ్. ఆదోని బజార్లో ముప్పై ఏళ్ళ నుంచీ దర్జీ. ఆయన అంగడి మిద్దె మీది గదిలోనే 'స్నేహ సేవా సంఘం' ఉండేది. ఉగాదికి పచ్చడి పంచాలన్నా, దసరాకి పిల్లలకు ఆటలు పెట్టాలన్నా, రంజానుకు ఈద్గా దగ్గర చలివేంద్రం వేయాలన్నా, శ్రావణంలో మంత్రాలయం ఆరాధనకు వలంటీర్లను పంపాలన్నా ఆ సంఘమే. పండగ ఎవరిదైనా చాకిరీ మాత్రం వాళ్ళది. యూసుఫ్ సాబ్ ప్రెసిడెంటు. ఇప్పుడు దూది ఏరుకుంటున్న ఈ జయన్న సెక్రటరీ. పత్తి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో తూకం గుమాస్తా. ఇరవై ఆరేళ్ళుంటాయి.

ఏడాది నుంచీ ఆ గదికి తాళం.

"నేను ఆడపిల్లల స్కూల్లో టీచర్ని. జూన్‌లో ఎమ్మిగనూరు నుంచి బదిలీ మీద వచ్చినాను," అంది తుంగమ్మ. "మా బడిలో నూటిరవై మంది పిల్లలుండారు. ఇంతకు ముందు ప్రతి దసరాకీ సంఘం వాళ్ళు ఆటలు పెట్టేవాళ్ళంట. మళ్ళీ పెట్టల్లని..."

"సంగం లేదు, గింగం లేదు. ఎత్తేసినాము."

"బోర్డు ఇంకా ఉంది కదా."

"బోర్డు దించే తీరిక లేక ఉండాది."

"సరే. తాళం చెవి ఇప్పించండి. నేనే చేసుకుంటా."

అప్పుడు తలెత్తాడు జయన్న. వానలో తడిసి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, తాళం చెవి కోసం చెయ్యి చాచిన పంతులమ్మను ఎగాదిగా చూశాడు.

"ఒక్కరే సేస్తారా? నూటిరవై మందికి? ఏమన్నా జ్వరం గిరం ఉండాదా మీకు?"

"లేదు. పొద్దున్నే చూసుకున్నా."

యూసుఫ్ సాబ్ మిషను ఆపి, గల్లాపెట్టె వెనక మేకుకు తగిలించిన తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తీస్కో బేటీ. ప్రెసిడెంటు నేను. వాడు ఒట్టి సెక్రటరీ."

జయన్న విసురుగా లేచి వానలోకి పోయాడు. గొడుగు లేదు. నడక మాత్రం ఎండలో పోతున్నట్టే ఉంది.

తుంగమ్మ అతణ్ణి చూడ్డం అదే మొదటిసారి కాదు. మూడు నెలలుగా ఆ బజార్లో నడిచి, అంగడి దాకా వచ్చి, అతను కనపడగానే వెనక్కి పోతూనే ఉంది. ఈ రోజు వాన రాకపోతే ఈ రోజూ వెనక్కే పోయేది.

ఆమె తండ్రి పాండురంగయ్య ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. కిందటేడు శ్రావణంలో అమ్మానాన్నలతో మంత్రాలయం ఆరాధనకు పోయింది. తుంగభద్ర ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. ఆడవాళ్ళ రేవులో మునక వేస్తుంటే పాచిరాయి మీద కాలు జారింది. అంతే, కింద నేల లేదు. చేతికి పసుపు పట్టీ కట్టుకున్న వలంటీరు ఒకడు దూకాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాని పిల్లవాడు. ఆమెను రేవుకు కట్టిన తాడు దాకా తోశాడు. తాడు ఆమెకు అందింది. వాడికి అందలేదు. రెండు రోజుల తర్వాత చాలా దిగువన దొరికాడు.

పేరు ఈరన్న. ఆదోని. పంతొమ్మిదేళ్ళు. తండ్రి లేడు. తల్లి లింగమ్మ, అన్న జయన్న. ఆ అన్నే వలంటీర్ల సెక్రటరీ. ఇదంతా తుంగమ్మ ఊళ్ళోవాళ్ళ నోట విని తెలుసుకుంది.

ఈరన్న పోయిన పదకొండో రోజున ఇంట్లో చెప్పకుండా ఆదోని బస్సెక్కింది. ఆ తల్లి కాళ్ళ మీద పడదామనే వచ్చింది. సందు మొదట్లోనే ఏడుపు వినబడింది. "ఎవురికోసం పోయినావురా నాయినా! ముక్కూ మొగం తెలీని దానికోసం పోతివి గదరా!" ఆ మాట చెవిన పడ్డాక కాళ్ళు ముందుకు కదల్లేదు. అట్నుంచి అటే బస్టాండుకు పోయింది.

ఆదోనికి బదిలీ అని కాగితం వచ్చినప్పుడు హెడ్మాస్టరు, "వద్దంటే చెప్పు, ఆపిస్తాను," అన్నాడు. తుంగమ్మ వద్దనలేదు. వాడు బతికుంటే చేసే పనులు వాడి బదులు తను చేయాలనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు, పాపం.

*

మూడో రోజు సాయంత్రం ఆమె గదిలో ఒక్కతే కూచుని రంగుకాగితాల తోరణాలు అంటిస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"మైదా అంత పలచగా కలిపితే కాయితాలు నిలుస్తాయా?"

"నిలవకపోతే మళ్ళీ అంటిస్తా."

"దసరా లోపలా, దీపావళి లోపలా?"

జయన్న వచ్చి మైదాగిన్నె లాక్కున్నాడు. స్టవ్ వెలిగించాడు. అరగంట కలిపాడు. పని తప్పుగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేని జబ్బు అతనిది. ఆ సంగతి యూసుఫ్ సాబుకు తెలుసు. అందుకే, "పంతులమ్మ అన్నీ తలకిందులుగా సేస్తాంది, పోయి సూడు," అని పంపించాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పాత వలంటీర్లు ఒక్కొక్కరే మెట్లెక్కారు. ఆస్పత్రి కాంపౌండరు దావీదు బెంచీలు మోసుకొచ్చాడు.

"మీ పేరుతో పెద్ద కష్టం వచ్చిపడింది," అంది తుంగమ్మ ఒకరోజు.

"నా పేరు మిమ్మల్నేం సేసె?"

"ఉత్త 'జయా' అని పిలిస్తే మర్యాదగా ఉండదు. 'జయన్నా' అంటే అన్న అయిపోతారు."

"అయితే ఏమాయ?"

అప్పుడు గాని తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెవులు వేడెక్కాయి. "ఏమీ కాదు. నేను 'సెక్రటరీ గారూ' అంటాను, అంతే," అని తోరణాల్లో తల దూర్చేసింది.

జయన్న గిన్నె కేసి తిరిగి గరిటె తిప్పుతూ ఉండిపోయాడు. ఆ రోజు మైదా మాత్రం అట్టులాగా గట్టిపడింది.

దసరా ఆటలకు మైదానంలో షామియానా వేశారు. సరిగ్గా పిల్లలు వరసలో నిలబడేసరికి వాన. పరుగో పరుగు. జయన్న యజమాని బాలకృష్ణయ్య దూది షెడ్డు తెరిపించాడు. నూటిరవై మంది పిల్లలు దూది కుక్కిన గోనె బోరేల మీద ఎగిరి దూకుతుంటే ఆయన, "నా పత్తీ! నా పత్తీ!" అంటూ కాసేపు గంతులేసి, ఆఖరికి తనే ఓ బోరెం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

కుర్చీలాట పెట్టారు. యూసుఫ్ సాబ్ గ్రామఫోను తిప్పుతున్నాడు. పిల్లలు టీచరమ్మను లాగారు, సెక్రటరీని లాగారు. ఆట చివరికొచ్చేసరికి ఒక్క కుర్చీ, వాళ్ళిద్దరూ మిగిలారు. పాట ఆగింది. ఇద్దరూ ఒకేసారి కూచున్నారు, చెరి సగం.

"నేనే ముందు!"

"టీచరమ్మ నా కాలు తొక్కింది, తొండాట!"

"సెక్రటరీ గారు పాట ఆగకముందే కూచున్నారు! పిల్లలూ, మీరే చెప్పండి!"

పిల్లలు షెడ్డు ఎగిరిపోయేటట్టు అరిచారు. జయన్న లేచి, వంగి దండం పెట్టి, "సీటు లేడీసుకు," అన్నాడు. నవ్వాడు. ముఖమంతా, కళ్ళంతా నవ్వు.

షెడ్డు మూలన బొరుగులతో చేసిన ఉగ్గాని గంగాళం దగ్గర కూచున్న ఒక పెద్దావిడ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి విస్తరాకులో ఉగ్గాని పెట్టుకుని తుంగమ్మ దగ్గరికొచ్చింది.

"తిను పాపా. నేను జయన్న వాళ్ళమ్మను. వాడు నవ్వంగ సూసి ఏడాది దాటె. నీ కడుపు సల్లగుండ." ఆమె చేత్తో తుంగమ్మ తల నిమిరింది. "మీది ఎమ్మిగనూరంట గదా. మగ్గాలోళ్ళేనా? మేమూ అంతే."

తుంగమ్మ ఉగ్గాని నోట్లో పెట్టుకుంది. విస్తరాకు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తకుండా తింది.

*

దీపావళికి ఆస్పత్రి వార్డులో రోగుల మంచాల పక్కన ప్రమిదలు పెట్టారు. క్రిస్మస్‌కు దావీదు వాళ్ళ చర్చి ఆవరణలో పార్టీ. యూసుఫ్ సాబ్ మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి పిల్లలకు గౌన్లు కుట్టాడు. వెదురుబద్దల నక్షత్రం కట్టడానికి జయన్న నిచ్చెనెక్కితే, కింద పట్టుకున్న తుంగమ్మ, "ఎడమకు, ఇంకా ఎడమకు, కాదు కుడికి," అని అరగంట తిప్పింది.

"నక్షత్రం బాగానే ఉండాది. మీ మెడే వంకర," అన్నాడు పైనుంచి.

"నిచ్చెన నా చేతిలో ఉంది, చూసి మాట్లాడండి సెక్రటరీ గారూ."

ఎవరూ ఏమీ అనకపోయినా అందరికీ తెలిసిపోయింది. వాళ్ళిద్దరికీ తెలిసిపోయింది. తుంగమ్మకు రోజురోజుకూ భయం పెరిగిపోతోంది. చెప్పాలి. ఈ వారం చెప్పాలి. ఈ పండగ కాగానే చెప్పాలి.

పార్టీ అయిపోయింది. మధ్యాహ్నపు ఎండలో ఇద్దరూ ఆవరణలో కాగితం ముక్కలు ఊడుస్తున్నారు. జయన్న చీపురు ఆపి, ఉన్నట్టుండి, "మీకు ఈరన్న సంగతి తెలుసునా?" అన్నాడు.

ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది.

"మా తమ్ముడు. మంత్రాలయంలో ఎవురో ఆడబిడ్డ ఏట్లో పడితే దూకి పోయినాడు. ఊరంతా ఏరు మింగిందంటారు. కాదు. ఆ పొద్దు డ్యూటీ లిస్టు నేను రాసినా. ఎవురు వంటకాడ, ఎవురు సెప్పుల కాడ, ఎవురు ఏటికాడ అని. వాన్ని సెప్పుల కాడనే రాసినా ముందు. మళ్ళ, తమ్ముణ్ణి నీడన కూసోబెట్టి ఊరోళ్ళ పిల్లోల్లను ఏట్లోకి దింపినాడంటారని, 'సెప్పులు' అన్నది కొట్టేసి 'ఏరు' అని రాసినా." చీపురు పుల్ల ఒకటి పీకి విరిచాడు. "ఒక్క మాట, టీచరమ్మా. కొట్టేసి రాసినా."

తుంగమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. తల వంచుకునే, "ఆ అమ్మాయి ఎవరో..." అంది.

"తెల్దు. తెలుసుకోలా. తెలిస్తే మాత్రం ఎదురుపడినప్పుడు ఏమడగల్ల? బాగుండావా అనా?"

చెప్పడానికి ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. అంతలో దావీదు పళ్ళెం నిండా అప్పుడే నూనెలో వేయించిన గులాబీపువ్వుల పిండివంట తీసుకుని, "తినండప్పా, సల్లారిపోతాయి!" అంటూ వచ్చాడు. జయన్న కళ్ళు తుడుచుకుని అటు తిరిగాడు. దావీదు పోయాక చెప్పొచ్చు. మర్నాడు చెప్పొచ్చు. తుంగమ్మ చెప్పలేదు. తాను చేసిన తప్పేదైనా ఉంటే ఇదేనని తర్వాత ఆమె ఎన్నోసార్లు అనుకుంది.

*

ఉగాది నాడు బజారులో పచ్చడి పంచడం ముగిసింది. ఇత్తడి బిందె కడిగి బోర్లించి, జయన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒక సంగతి కనుక్కున్యా. పేరు మార్చుకోవల్లంటే గెజిట్లో వేయించల్లంట."

"ఎవరి పేరు?"

"నాదే. కడాన 'అన్న' తీసేయల్ల."

"ఎందుకు?"

"ఆ అన్న ఉన్నన్ని దినాలూ నన్ను ఒకరు సెక్రటరీ గారూ అనే పిలుస్తారు. రేపు ఇంట్లో గూడ సెక్రటరీ గారూ, కూడు తిందురు రండి అంటే మా యమ్మ ఏమనుకుంటుంది?"

తుంగమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపు ముంచుకొచ్చింది. జయన్న సంతోషమనుకున్నాడు. "ఏడుస్తారెందుకు? గెజిట్టు వద్దంటే వద్దులే," అన్నాడు మెల్లగా.

"నేనే," అంది తుంగమ్మ.

"ఏం నేనే?"

"ఆ రోజు ఏట్లో ఈరన్న తాడు దాకా తోసింది నన్నే."

అతను ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. పచ్చడికి ముసిరిన ఈగలు బిందె చుట్టూ తిరుగుతున్నాయి.

"ఎన్ని దినాల్నుంచి తెలుసు, నేను ఎవురని?"

"మొదటి రోజు నుంచీ. తెలిసే వచ్చినా."

"మా యమ్మ పెట్టిన ఉగ్గాని తిన్యావు."

"తిన్నాను."

"లిస్టు సంగతి నేను సెప్తాంటే పక్కనే నిలబడి ఇన్యావు."

"విన్నాను. జయా, ఆ రోజు ఏట్లో ఏం జరిగిందంటే..."

అన్న తీసేసి ఆమె పిలిచిన ఆ ఒక్క పిలుపూ అతనికి వినబడలేదో, వినబడి ఓర్చుకోలేకపోయాడో. "వద్దు. సెప్పొద్దు," అన్నాడు. బిందె ఎత్తి భుజాన పెట్టుకుని, పచ్చడి మరకల నేల మీద చెప్పులు లేకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను మిద్దె మెట్లెక్కలేదు.

బడికి సెలవులిచ్చినా తుంగమ్మ ఊరికి పోలేదు. రంజానుకు ఈద్గా దగ్గర చలివేంద్రం కుండలు తనే నింపింది. పాండురంగయ్య వచ్చి, "ఇంటికి రా తల్లీ, మళ్ళీ బదిలీ అడుగుదాం. ఈ ఊరు నీకు పడలేదు," అని బతిమాలాడు. "పడుతుంది నాయినా, ఇంకొన్నాళ్ళు," అని పంపించింది. యూసుఫ్ సాబుకు మాత్రం అంతా చెప్పింది. ఆయన సూది దారం పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వాడికి నీ మీద కోపం లేదు బేటీ. నిన్ను సూస్తే వానికి ఆ లిస్టు కనపడతాంది. నేనేం సేసేది? మీ ఇద్దరి గుడ్డా ఒకే సోట సినిగింది. యా పక్కనుంచి కుట్టల్లో నాకు తెల్దు."

శ్రావణం వచ్చింది. ఆరాధనకు వలంటీర్లు కావాలని సంఘానికి కబురొచ్చింది. గదిలో జయన్న తప్ప అందరూ కూచున్నారు. తెల్లకాగితం బల్ల మీద ఉంది. పెన్ను ముట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తుంగమ్మ కాగితం ముందుకు లాక్కుంది. ఆడవాళ్ళ రేవు అని రాసి, దాని కింద మొదటి పేరు తనది రాసింది.

"వద్దు బేటీ," అన్నాడు యూసుఫ్ సాబ్.

"ఇంకొకరి పేరు రాయలేను బాబా."

*

ఆరాధన నాడు తుంగభద్ర మళ్ళీ ఎర్రగా, నిండుగా పారుతోంది. పసుపు పట్టీ కట్టుకుని తుంగమ్మ తెల్లవారినప్పటి నుంచీ రేవులో నడుము లోతు నీళ్ళలో నిలబడింది. రాతి స్తంభానికి కట్టిన తాడు ఆమె చేతుల మీదుగా పోతోంది. "ఇక్కడి దాకానే అమ్మా! తాడు దాటొద్దు! ముసలమ్మను పట్టుకోండి!" అరిచి అరిచి గొంతు పోయింది. మొదటి గంటంతా పాచిరాయి ఎక్కడుందోనని కాలితో వెతుక్కుంది. తర్వాత వెతకడానికి తీరిక లేకపోయింది.

బాగా పొద్దెక్కాక వెనక మెట్ల మీంచి ఒక పిలుపు.

"టీచరమ్మా."

ఆ గొంతు ఆమెకు తెలుసు. తిరగబోయింది.

"తిరగొద్దు. నీళ్ళ మీద సూపు పెట్టు. నేను ఈడ కూసుంటా."

లింగమ్మ తడి మెట్టు మీద కూచుంది. రెండేళ్ళలో ఆమె ఈ ఏటి ఒడ్డుకు రావడం ఇదే మొదలు.

"నిన్న జయ అంతా సెప్పినాడు. నిన్ను తిట్టల్లని బస్సెక్కినా పాపా. ఎన్ని మాటలు కూడబెట్టుకుంటా వచ్చినానో. నిన్ను ఈ నీళ్ళల్లో సూసినాక ఒక్కటీ గురుతు రాలా."

తుంగమ్మ తాడు బిగించి పట్టుకుంది. చూపు నీళ్ళ మీదే. చెంపల మీద కారేది నీళ్ళో కన్నీళ్ళో ఎవరికీ తెలియదు.

"ఒక్కటడుగుతా. సెప్తావా?"

"అడగండమ్మా."

"కడాన వాడు ఏమన్న అన్న్యాడా? అమ్మా అని పిలిచినాడా?"

అవునని ఒక్క మాటంటే చాలు. ఆ తల్లికి జన్మంతా సరిపోతుంది. తుంగమ్మ నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాడి మాట వాడిది. దాన్ని మార్చే హక్కు తనకు లేదు.

"లేదమ్మా. అమ్మా అనలేదు."

లింగమ్మ ఊపిరి గట్టిగా వదిలింది.

"నేను వాణ్ణి మెడ చుట్టూ పట్టేసుకున్నానమ్మా. భయంతో. వదల్లేదు. 'నన్ను కాదక్కా, తాడు పట్టుకో. మనిషిని పట్టుకుంటే ఇద్దరూ పోతారు, తాడే పట్టియ్యల్లని మా యన్న సెప్పినాడు' అన్నాడు. నేను వదిలేసినా. తాడు పట్టుకున్నా. తిరిగి చూస్తే లేడు." ఆమె తాడు దాటబోతున్న ఒక పిల్లను వెనక్కి లాగింది. "నన్ను వదలమన్నది వాడే. కానీ వదిలింది నేను."

రేవులో ఆడవాళ్ళు మునకలు వేస్తున్నారు, దేవుణ్ణి తలుచుకుంటున్నారు, బిడ్డల్ని కేకలేస్తున్నారు. లింగమ్మ వంగి ఆ నీళ్ళలో చెయ్యి ముంచింది. తర్వాత మెట్ల పైకి తిరిగి, "జయా! దిగి రా ఈడికి!" అని పిలిచింది.

జయన్న పై మెట్టు మీద, తల్లి చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కో మెట్టే దిగి వచ్చాడు.

"ఇంగోసారి సెప్పు పాపా. వీనికి ఇనపడాల."

తుంగమ్మ మళ్ళీ చెప్పింది. నీళ్ళకేసి చూస్తూనే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది. 'మా యన్న సెప్పినాడు' అన్న మాట దగ్గర జయన్న చేతిలోని చెప్పులు జారి పడ్డాయి. తల్లి పక్కన తడి మెట్టు మీద కూలబడ్డాడు.

"సెప్పినా అమ్మా. పొయ్యేముందు రోజు అందర్నీ గదిలో కూసోబెట్టి సెప్పినా. వాడు గోడకు ఆనుకుని ఆవలిస్తా ఉండె. ఇనలేదనుకున్యా. ఇనకుండనే పోయినాడనుకున్యా ఇన్ని దినాలూ."

రెండేళ్ళ నుంచీ ఏడుపు బిగబట్టుకున్న మనిషి అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. స్నానానికొచ్చిన ఆడవాళ్ళు తొలగి పక్కనుంచి పోయారు. లింగమ్మ కొడుకు తల తన ఒళ్ళోకి తీసుకుని నిమురుతూ కూచుంది.

ఏడుపు ఆగాక అతను లేచి, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. తుంగమ్మకు నాలుగడుగుల అవతల తాడు పట్టుకున్నాడు.

"నీ మీద కోపం ఎప్పుడూ లేదు తుంగా," అన్నాడు. "ఉగాది నాడు నువ్వు సెప్పబోతే ఇనకుండ పోయినా. అది నా తప్పు. ఆ పొద్దే ఇనింటే..."

"నేను క్రిస్మస్ నాడే చెప్పల్సింది," అంది ఆమె.

ఎవరో ముసలమ్మ కాలు జారి తాడు మీద పడింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని మెట్టు మీద కూచోబెట్టారు. మళ్ళీ తమ చోట్లకు పోయి నిలబడ్డారు.

"పాపా," అంది లింగమ్మ వెనకనుంచి. ఆమె గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది, ఇంట్లో వంటింటి గుమ్మంలోంచి మాట్లాడినట్టు. "మీ నాయిన్ని కార్తీకంలో మా ఇంటికి రమ్మను. మాట్లాడుకుందాము."

తుంగమ్మ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "నన్ను ఇంట్లో రోజూ చూడగలరా అమ్మా? చూసినప్పుడల్లా వాడు గుర్తొస్తాడే."

"రానీ. రావల్లనే గదా." లింగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "వాని మాట నీ దగ్గర ఉండాది. నువ్వు ఇంగెవురింటికో పోతే, ఆ మాట నాకు ఎవురు సెప్తారు?"